ఆటలో దేవుళ్లు, వాళ్ల బలాబలాలు



వీడియో గేములు ఆడే కుర్రకారు నలుగురు ఒకచోట చేరితే తప్పకుండా పుట్టే వాదన ఒకటుంది. ఆటలోని ఫలానా దేవుడూ ఫలానా దేవుడూ ఎదురుపడితే ఎవరు గెలుస్తారు? నిప్పును శాసించేవాడే గెలుస్తాడని ఒకడంటాడు. కాలాన్నే శాసించేవాడి ముందు నిప్పెంత అంటాడు ఇంకొకడు. మూడోవాడు ఫోన్ తీసి ఏదో పేజీ చూపిస్తాడు. అర్ధరాత్రి దాటినా వాదన తెగదు. వినేవాళ్లకి ఇది పనీపాటా లేని గొడవలా అనిపించవచ్చు. ఈ దేవుళ్లు ఏ గుళ్లోనూ లేరు. ఆటలు తయారుచేసే కంపెనీల్లో రచయితలు కూర్చుని కల్పించినవాళ్లు. అయినా వీళ్లకి పుట్టుక కథలున్నాయి, పాత పగలున్నాయి, భక్తులున్నారు, వీళ్లను నమ్మని నాస్తికులు కూడా ఆటలోపలే ఉన్నారు. అంత శ్రద్ధగా కట్టిన లోకం గురించి వాదించుకోవడంలో తప్పేమీ లేదు. నాకు పేచీ ఉన్నదల్లా వాళ్లు అడుగుతున్న ప్రశ్నతోనే. ఎవరికి ఎంత బలం ఉంది అని అడుగుతున్నారు. ఎవరి బలం ఎక్కడ ఆగిపోతుంది అని అడగాలి. ఈ ప్రసంగమంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది కనుక మరోసారి చెబుతాను. ఎంత బలం అనే ప్రశ్నను కాసేపు పక్కన పెడదాం. ఆ బలం ఎక్కడ ఆగుతుందో చూద్దాం.

గాలిలో మాట్లాడుకోకుండా ఒక్క ఆటల వరుసను తీసుకుందాం. దాని పేరు ది ఎల్డర్ స్క్రోల్స్. అమెరికాలోని బెథెస్డా అనే సంస్థ తయారుచేసింది. మొదటి ఆట 1994లో వచ్చింది. తర్వాత వచ్చిన వాటిలో మోరోవిండ్, ఒబ్లివియన్, స్కైరిమ్ అనే మూడు ఆటలు ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాయి. అన్నీ జరిగేది టామ్రియెల్ అనే ఒకే ఖండం మీద. ఆ లోకం ఎలా పుట్టిందో చెప్పే కథలోనే మన ప్రశ్నకి సగం జవాబు ఉంది. మొదట్లో దేహం లేని దివ్యశక్తులు ఉండేవట. వాటిలో లోర్కాన్ అనేవాడు, చావుపుట్టుకలుండే ఒక లోకాన్ని చేద్దాం రండి అని మిగతావాళ్లను ఒప్పించాడు. ఒప్పించాడని కొందరంటారు, మోసం చేశాడని కొందరంటారు. ఏదైతేనేం, కొందరు చేయి కలిపారు. లోకం తయారైంది. అయితే దాన్ని తయారుచేయడానికి వాళ్లు తమ శక్తినే ముడిసరుకుగా పోశారు. ఎంత పోశారో అంత తగ్గిపోయారు. ఆ లోకానికి నక్షా గీసిన మాగ్నస్, పని ఎటు పోతోందో గమనించి మధ్యలోనే పారిపోయాడు. అతను ఆకాశాన్ని చీల్చుకుని పోయిన కన్నమే అక్కడ సూర్యుడు. ఇలాంటి ఊహ చేసినవాళ్లకి చేతులెత్తి దండం పెట్టాలి. ఇక రెండో వర్గం. వీళ్లు ఈ సృష్టిలో చేయి పెట్టలేదు. దూరంగా, తమ తమ సొంత లోకాల్లో ఉండిపోయారు. ఏమీ ఖర్చు పెట్టలేదు కనుక వాళ్ల శక్తి వాళ్ల దగ్గరే ఉంది. ఆటలో మొదటివాళ్లను ఏడ్రాలంటారు, రెండోవాళ్లను డేడ్రాలంటారు. రేడియోలో వింటుంటే రెండు పేర్లూ కలిసిపోతాయి. అందుకని వాళ్లను నేను లోకాన్ని చేసినవాళ్లు, బయట ఉండిపోయినవాళ్లు అని పిలుస్తాను.

ఇప్పుడు తూకం వేయండి. లోకాన్ని చేసినవాళ్లు ఖర్చైపోయారు. బయట ఉండిపోయినవాళ్లు నిండుగా ఉన్నారు. ఇక పోటీ ఏముంది, బయటివాళ్లే గెలవాలి. సరిగ్గా ఈ లెక్కను పరీక్షకు పెట్టిన ఆట ఒబ్లివియన్, 2006లో వచ్చింది. బయట ఉండిపోయినవాళ్లలో మెహ్రూన్స్ డేగన్ అని ఒకడున్నాడు. విధ్వంసం అతని శాఖ. నాలుగు చేతులు, గోపురమంత ఎత్తు. అతనికి టామ్రియెల్ కావాలి. కానీ రాలేడు. ఎందుకు రాలేడు? రెండు లోకాల మధ్య ఒక అడ్డు ఉంది. చక్రవర్తి వంశంలో పుట్టినవాడు ఒక హారం ధరించి రాజధాని గుడిలో జ్యోతి వెలిగిస్తాడు. అది వెలుగుతున్నంత కాలం ఆ అడ్డు నిలుస్తుంది. పూర్వం అకటోష్ అనే దేవుడు ఒక మానవ రాణితో చేసుకున్న ఒప్పందం అది. అకటోష్ లోకాన్ని చేసినవాళ్లలో పెద్ద, కాలానికి అధిపతి. చూశారా, అంతటి డేగన్ ఒక జ్యోతి ముందు ఆగిపోయాడు. అందుకని జ్యోతి జోలికి పోలేదు, దాన్ని వెలిగించేవాళ్ల మీద పడ్డాడు. తన భక్తుల చేత చక్రవర్తిని, అతని కొడుకులను చంపించాడు. జ్యోతి ఆరింది. ఊళ్ల ముందు నిప్పులు కక్కే ద్వారాలు తెరుచుకున్నాయి. క్వాచ్ అనే నగరం బూడిదైంది. చివరికి డేగన్ స్వయంగా రాజధానిలో అడుగుపెట్టాడు. అప్పటికి చక్రవర్తి సంతానంలో మిగిలింది మార్టిన్ ఒక్కడే. గుట్టుగా పుట్టి, పూజారిగా బతికినవాడు. అతను గుడిలోకి పోయి ఆ హారాన్ని పగలగొట్టాడు. అతని దేహంలోంచి అకటోష్ అగ్నిరూపంలో, మహా డ్రాగన్‌గా లేచాడు. డేగన్‌ను తరిమికొట్టాడు. అక్కడికక్కడే రాయైపోయాడు.

ఇంకేం, తేలిపోయింది కదా, అకటోషే గొప్ప అంటారు వాదించేవాళ్లు. పోట్లాట చూపించారు, గెలుపు చూపించారు, ఇంతకంటే రుజువేం కావాలి? రుజువు ఉన్నమాట నిజమే. కాకపోతే దాన్ని చివరిదాకా చదవాలి. అకటోష్ గెలిచింది సొంత బలంతోనే అయితే ఆ హారం పగిలే పని లేదు. మార్టిన్ చనిపోయే పని లేదు. ఆ రాజవంశం అంతటితో ఆగిపోయే పని లేదు. ఆ దేవుడు ఈ లోకంలోకి రావాలంటే ఒక మనిషి తన ప్రాణాన్నే దారిగా పరవాలి. అదీ ఒక్కసారికే. పగిలిన హారం రెండోసారి పగలదు. ఇక ఓడినవాడి సంగతి చూడండి. డేగన్ చావలేదు. ఆ వర్గానికి చావు లేదు. తన లోకానికి తాను పోయాడు, అంతే. రెండు వందల ఏళ్ల తర్వాత జరిగే స్కైరిమ్‌లో, మంచుకొండ మీది పాడుపడిన గుడి ముందు అతని గొంతు మళ్లీ వినిపిస్తుంది. ఫలానావాణ్ని చంపు, నా కత్తి నీకిస్తాను అని ఆటగాడితో బేరం పెడుతుంది. గెలిచినవాడు రాయై నిలబడ్డాడు, ఓడినవాడు బేరాలాడుతున్నాడు. ఈ పద్ధతి మనకి కొత్తదేమీ కాదు. హిరణ్యకశిపుడి కథ వింటూ, అతనికీ నరసింహుడికీ ఎవరి కండబలం ఎక్కువ అని అడిగే పిల్లలుండరు. ఇంటా బయటా కాని చోటు ఏది, పగలూ రాత్రీ కాని వేళ ఏది అన్నదాని మీదే మనసంతా ఉంటుంది. తేడా ఒకటుంది. అక్కడ షరతు వరం మాటల్లో ఉంది. ఇక్కడ షరతు లోకం కట్టిన తీరులోనే ఉంది. పునాదిలో ఎవరు ఏం పోశారో దాన్నిబట్టే ఎవరి హద్దు ఎక్కడన్నది తేలుతుంది.

బలం ఎక్కువున్నవాడిదే పైచేయి అనే లెక్కకి ఇంకా గట్టి దెబ్బ మరుసటి ఏడు, 2007లో తగిలింది. ఒబ్లివియన్‌కు అనుబంధంగా షివరింగ్ ఐల్స్ అనే కథ వచ్చింది. అందులో షియోగొరాత్ అనే దేవుడున్నాడు. బయట ఉండిపోయినవాళ్లలోనే ఒకడు. ఉన్మాదం అతని శాఖ. జున్ను గురించి ముచ్చటగా మాట్లాడుతూనే పేగులు తీస్తానని బెదిరిస్తాడు. ఆటగాళ్లకి భలే ఇష్టమైన పాత్ర. అతని రాజ్యం మీదికి ప్రతి యుగాంతంలోనూ ఒక సైన్యం వచ్చి పడుతుంది. దాని నాయకుడు జిగలాగ్, క్రమానికి అధిపతి. లెక్క, తర్కం, వరుస తప్ప మరొకటి ఎరగనివాడు. కాపాడమని షియోగొరాత్ ఆటగాణ్ని పిలుస్తాడు. కథ చాలా దూరం నడిచాక అసలు సంగతి బయటపడుతుంది. ఆ ఇద్దరూ ఒక్కడే. ఒకప్పుడు జిగలాగ్ బలం అంతకంతకూ పెరిగిపోతుంటే తోటి దేవుళ్లకి కన్ను కుట్టింది, భయమూ పట్టుకుంది. అంతా కలిసి శపించారు. ఏమని? క్రమానికి దేవుడైనవాడు ఉన్మాదానికి దేవుడై బతకాలని. యుగానికొకసారి సొంత రూపం వస్తుంది. ఆ రూపంలో తన రాజ్యాన్ని తానే నాశనం చేసుకుంటాడు. మళ్లీ పిచ్చివాడైపోతాడు. ఎంత బలం అని అడిగితే జిగలాగ్ అందరికంటే పైన ఉండాలి. ఎక్కడ ఆగింది అని అడిగితే, తోటివాళ్ల అసూయ దగ్గర ఆగింది. బలమే అతని కొంప ముంచింది.

ఇక అన్నిటికంటే గట్టి అభ్యంతరానికి వస్తాను. ఇవన్నీ కథల పుస్తకాల్లో అయితే సరే, కానీ వీడియో గేమ్ అంటే అంకెలే కదా అంటారు. తెర వెనక ప్రతి పాత్రకీ హెల్త్ అని ఒక అంకె ఉంటుంది. కత్తి దెబ్బ పడితే తరుగుతుంది, సున్నాకి వస్తే పాత్ర చస్తుంది. దేవుడైనా అంతే. అంకె చేతిలో ఉండగా పోలిక ఎందుకు కుదరదు? నిజానికి ఈ అలవాటు ఇప్పటిది కాదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని, టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే అమెరికన్ ఆట ఉంది. దానికి 1980లో రకరకాల జాతుల దేవుళ్ల గురించి ఒక పుస్తకం వేశారు. గ్రీకుల జ్యూస్‌కి 400 పాయింట్ల ప్రాణబలం అని రాశారు. మన ఇంద్రుడికీ విష్ణువుకీ కూడా అంకెలు వేసి పెట్టారు. అంకె కనబడ్డాక ఆడేవాడు ఊరుకుంటాడా? దాన్ని సున్నా చేయాలనే చూస్తాడు. దేవుళ్ల పుస్తకం కాస్తా వేట జాబితా అవుతుంది. గాడ్ ఆఫ్ వార్ ఆటలు ఆ పనిని దాపరికం లేకుండానే చేశాయి. 2010 నాటి మూడో భాగంలో క్రేటోస్ అనే యోధుడు జ్యూస్‌ని చంపుతాడు. అది అతని పగ తీరే కథ. దాన్నుంచి దేవుళ్ల తారతమ్యం తేల్చాలని చూడడం వృథా.

మోరోవిండ్ మాత్రం ఈ అంకెల చిక్కును ఎదురుగానే పట్టుకుంది. 2002 నాటి ఆట. అందులో వివెక్ అనే దేవుడున్నాడు. సగం దేహం బంగారు రంగు, సగం బూడిద రంగు. కళ్లెదుట కనిపించే దేవుడు. అతని పేరే పెట్టిన నగరంలో, తన మందిరంలో, నేలకి తాకకుండా గాల్లో మఠం వేసుకుని కూర్చుని ఉంటాడు. ఆటగాడు తగినంత బలం కూడగట్టుకుంటే ఆ మందిరంలోకి పోయి అతన్ని చంపేయవచ్చు. ఆట అడ్డు చెప్పదు. అతనికీ హెల్త్ ఉంది, అదీ సున్నా అవుతుంది. అయితే అతను అలా ఎందుకు చావగలడో కూడా అదే ఆట చెబుతుంది. వివెక్ పుట్టుకతో దేవుడు కాడు. ఇందాక లోర్కాన్ గురించి చెప్పాను, గుర్తుందా? లోకాన్ని చేద్దాం రమ్మని పిలిచినవాడు. మోసపోయామనుకున్న మిగతావాళ్లు అతని గుండెను పెకలించి పారేశారు. ఆ గుండె చావలేదు. ఎర్రకొండ అనే అగ్నిపర్వతం లోపల కొట్టుకుంటూనే ఉంది. వివెక్, అల్మలెక్సియా, సోథా సిల్ అనే ముగ్గురు మర్త్యులు కొన్ని పనిముట్లు సంపాదించి, ఆ గుండెలోంచి దైవత్వాన్ని తోడుకున్నారు. ఒకసారి తోడుకుంటే చాలదు, ఎప్పటికప్పుడు పోయి తోడుకోవాలి. కొన్నాళ్లకి వాళ్ల పాత శత్రువు డాగోత్ ఉర్ ఆ కొండలో తిష్ఠ వేసి వాళ్లను గుండె దగ్గరికి రానివ్వలేదు. అక్కడి నుంచీ ముగ్గురి దైవత్వమూ తరుగుతూ వచ్చింది. ఆటగాడు కలిసేనాటికి వివెక్ తరిగిపోతున్న దేవుడు. ఆ సంగతి అతనికి తెలుసు. దాచుకోడు కూడా. మనం తెర మీద కొట్టి తగ్గించే అంకె ఆ ఒక్క రోజు నిల్వ మాత్రమే. అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరు ఆపితే ఆగిపోయిందో ఆ అంకెలో కనిపించదు.

వివెక్ గురించి ఇంకొక్క సంగతి. అతని నగరం మీద గాల్లో ఒక పెద్ద బండ వేలాడుతుంటుంది. ఎప్పుడో ఆకాశం నుంచి పడిపోతున్న దాన్ని అతను దారిలోనే ఆపేశాడు. అక్కడి పూజారులు దాన్ని తొలిచి, మతాన్ని ధిక్కరించినవాళ్లకి జైలు చేసుకున్నారు. ఈ ఆటలన్నిటిలోనూ ఇంతటి బలప్రదర్శన అరుదు. ఎవరైనా తల ఎత్తి చూస్తే చాలు, ఆ ఊరి దేవుడి శక్తి కనబడుతుంది. కానీ వివెక్ దాన్ని ఆపాడే గాని కిందికి దించలేదు. తర్వాత ఆటగాడి చేతుల్లోనే ఎర్రకొండ లోపలి గుండె నాశనమవుతుంది. దాంతో ఆ ముగ్గురి దైవత్వానికీ ఆధారం పోతుంది. కొంతకాలానికి వివెక్ కనబడకుండా పోతాడు. జనం ఒక యంత్రం పెట్టి బండను కొన్నాళ్లు నిలబెట్టారు. అదీ ఆగింది. బండ పడింది. నగరం పోయింది. ఎర్రకొండ బద్దలైంది. అక్కడి నుంచి పారిపోయిన జనం స్కైరిమ్‌లో, ఒక చలి ఊరి మురికివాడలో శరణార్థులుగా కనిపిస్తారు. వివెక్ గొప్పవాడా, అతన్ని మొదటి నుంచీ అసహ్యించుకున్న అజురా అనే దేవత గొప్పదా అని అభిమానులు ఇప్పటికీ కొట్లాడుకుంటారు. ఆ మురికివాడను చూశాక నాకైతే ఆ కొట్లాట మీద ఆసక్తి పోతుంది.

ఇంకో రకం విమర్శకులున్నారు. ఇదంతా రచయితల బద్ధకం అంటారు వాళ్లు. ఒకచోట ఒకటి, ఇంకోచోట మరొకటి రాసేసి, పొంతన కుదరక, దేవుళ్ల బలానికి కొలత లేదని తప్పించుకుంటారట. ఇందులో కొంత నిజం ఉంది. 1996లో వచ్చిన డాగర్‌ఫాల్ అనే ఆటకి ఒకదానికొకటి పొసగని ముగింపులు చాలా ఉన్నాయి. తర్వాతి ఆటల్లో ఏది నిజమని చెప్పాలో తేలక, ఆ కాసేపు కాలమే విరిగింది, అన్నీ ఒకేసారి జరిగాయి అని రాసుకున్నారు. తెలివైన సర్దుబాటే. అయితే ప్రతి వైరుధ్యమూ సర్దుబాటు కాదు. ఈ ఆటల్లో ఆటగాడికి దొరికే పుస్తకాలు చాలావరకు ఆ లోకపు మనుషులు, పండితులు, పూజారులు రాసినవి. లోర్కాన్ మోసగాడని రాసింది ఆ లోకంలోని ఎల్ఫ్ అనే జాతివాళ్లు. లోకం పుట్టడమే తమ పతనమని వాళ్ల బాధ. అదే లోర్కాన్‌ని ఉత్తరాది మనుషులు షోర్ అనే పేరుతో కొలుస్తారు. ఈ లోకం తమకి దక్కింది అతని వల్లే కదా మరి. జరిగింది ఒక్కటే. రాసినవాడి పక్షాన్నిబట్టి బలవంతుడు మారిపోయాడు. కనుక ఎవరైనా పుస్తకంలోంచి ఒక వాక్యం పట్టుకొచ్చి మా దేవుడే గొప్ప అంటే, అది రాసింది ఎవరు, ఎవరి గుడి తిండి తిని రాశాడు అని అడగాలి.

న్యాయంగా చెప్పాలంటే, నా వాదనకి ఎదురు నిలిచే లోకం ఒకటుంది. ఫర్‌గాటెన్ రెల్మ్స్. బాల్డర్స్ గేట్ ఆటలు జరిగేది అందులోనే. వాటిలో మొదటిది 1998లో, మూడోది 2023లో వచ్చాయి. అక్కడ దేవుడి బలానికి నిజంగానే కొలత ఉంది. ఎందరు భక్తులు, ఎంత గాఢమైన భక్తి, అంత బలం. భక్తులు పోతే దేవుడు క్షీణిస్తాడు. మరి ఆ కొలత పెట్టిందెవరు? దేవుళ్లందరి మీదా అధికారం ఉన్న ఏఓ అనేవాడు. దేవుళ్లు భక్తులను గాలికొదిలేసి అధికారం కోసం కుట్రలు పన్నారు. ఇద్దరైతే అతని దగ్గరున్న విధి పలకలనే దొంగిలించారు. అతనికి కోపం వచ్చి దాదాపు అందరినీ మర్త్యుల్లా భూమ్మీదికి నెట్టేశాడు. ఆ తర్వాతే ఈ నియమం పెట్టాడు. అంటే భక్తుల లెక్క మొదలైంది దేవుళ్లకి వేసిన కళ్లెంగా. ఆ గందరగోళంలో చచ్చినవాళ్లలో హత్యలకి దేవుడైన బాల్ ఒకడు. అతన్ని చంపింది సిరిక్ అనే మామూలు మనిషి. తన చావును ముందే పసిగట్టిన బాల్, మనుషుల్లో పిల్లలను కని పెట్టుకున్నాడు, వాళ్ల నెత్తురు మీదుగా మళ్లీ లేవాలని. మొదటి బాల్డర్స్ గేట్‌లో మనం ఆడే పాత్ర ఆ పిల్లల్లో ఒకటి. కొలత ఉన్న లోకంలో కూడా రచయితలకి కథ దొరికింది ఆ దేవుడి బలం ఆగిపోయిన చోటనే.

స్కైరిమ్‌లోని ఒక తగాదా చెప్పి ముగిస్తాను. టైబర్ సెప్టిమ్ అనే మనిషి టామ్రియెల్ మొత్తాన్ని జయించి చక్రవర్తి అయ్యాడు. పోయాక దేవుడయ్యాడని జనం నమ్మారు. టాలోస్ అని పిలిచి గుళ్లు కట్టారు. తర్వాతి కాలంలో ఒక పెద్ద యుద్ధం జరిగింది. థాల్మోర్ అనే ఎల్ఫ్ ప్రభుత్వం, సంధి షరతుల్లో ఒకటిగా టాలోస్ పూజను నిషేధింపజేసింది. మనిషి దేవుడేమిటి అని వాళ్ల వాదన. స్కైరిమ్‌లోని అంతర్యుద్ధానికి ఈ నిషేధం ఒక ముఖ్య కారణం. టాలోస్ దేవుడేనా అన్నదాని మీద ఆట తీర్పు ఇవ్వదు. కానీ అతని గుడిలో మొక్కితే మిగతా దేవుళ్ల దగ్గర దొరికినట్టే ఆటగాడికి దీవెన దొరుకుతుంది. అదిగో రుజువు అంటారు కొందరు. అది భక్తుల నమ్మకం మహిమ అంటారు ఇంకొందరు. థాల్మోర్ వాళ్లు మాత్రం ఈ చర్చలోకి దిగరు. టాలోస్ బలం ఎంతో లెక్క కట్టే ఓపిక వాళ్లకి లేదు. ఎక్కడ ఆపాలో తెలుసు. గుడి దారిలో కాపు కాస్తారు, మొక్కి వస్తున్నవాణ్ని పట్టుకుని తీసుకుపోతారు.